పాత రిమోట్, కొత్త రిసీవర్

ఇంట్లో టీవీకి కలిపి ఉంచి, సినిమాలు, పాటలు, కుటుంబ ఫోటోలు, ఇంటర్నెట్ కార్యక్రమాలు అన్నింటినీ ఒకే తెర మీద చూసుకోవడానికి కేటాయించిన కంప్యూటరును వాడుకలో మీడియా పీసీ అంటున్నారు. దాన్ని సమకూర్చుకునేవారు ప్రాసెసరు వేగం గురించి, హార్డ్ డిస్కు పరిమాణం గురించి, చప్పుడు చేయని ఫ్యాను గురించి ఎంతో విచారించి, రిమోట్ కంట్రోలును మాత్రం అన్నిటికన్నా చివర, చేతికి అందినది కొంటారు. ఆ యంత్రం ఇంటిల్లిపాదికీ ఉపయోగపడుతుందా, అమర్చిన ఒక్కరికే పరిమితమవుతుందా అన్నది చాలావరకు తేలేది ఆ రిమోట్‌తోనే. సోఫాలో కూర్చున్న అమ్మమ్మగారు ఒళ్ళో కీబోర్డు, పక్కన మౌసు పెట్టుకొని సినిమా వేసుకోరు, వేసుకోవలసిన అవసరమూ ఉండకూడదు.

సికింద్రాబాదుకు ఉత్తరాన, కంటోన్మెంటును ఆనుకొని రాజీవ్ రహదారి వెంబడి విస్తరించిన అల్వాల్ ఈ విషయాన్ని పరిశీలించడానికి తగిన చోటు. పాత అల్వాల్, టెంపుల్ అల్వాల్, లోతుకుంట, మచ్చబొల్లారం ప్రాంతాల కాలనీల్లో సైన్యంలోనూ ప్రభుత్వ సంస్థల్లోనూ పనిచేసి విరమణ పొందినవారి కుటుంబాలు చాలా ఉన్నాయి. పిల్లలు వేరే ఊళ్ళలోనో వేరే దేశాల్లోనో ఉద్యోగాలు చేస్తుండగా పెద్దలు మాత్రమే ఉండే ఇళ్ళు వాటిలో తక్కువేమీ కాదు. అటువంటి ఇంట్లో టీవీ పక్కన కంప్యూటరును అమర్చేది సెలవులకు వచ్చిన కొడుకో కోడలో మనవడో కాగా, ఏడాది పొడవునా దాన్ని వాడవలసినది తల్లిదండ్రులు, తాతయ్యలు, అమ్మమ్మలు. అమర్చినవారి సౌకర్యాన్ని బట్టి కొన్న రిమోట్ వారు విమానం ఎక్కిన మరుసటి వారం నుంచే టీవీ షోకేసులో పడి ఉంటుంది.

ఈ పెద్దల తరానికి టీవీతో పరిచయం మీటలతో కాక తిప్పే నాబులతో మొదలైంది. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న ప్రారంభమైన రోజుల్లో, 1967లో హైదరాబాదులో స్థాపితమైన ఈసీఐఎల్ సంస్థ తయారు చేసిన ఈసీ టీవీలు జంటనగరాల ఇళ్ళలో ఉండేవి. ఛానెలు మార్చాలన్నా శబ్దం పెంచాలన్నా లేచి వెళ్ళవలసిందే, పైగా మార్చడానికి రెండో ఛానెలు ఉండేది కాదు. తరువాత రంగుల టీవీ, దానితో రిమోట్, వీసీడీ, డీవీడీ ప్లేయర్లు వచ్చాయి. కేబుల్ ప్రసారాలను డిజిటల్ పద్ధతికి మార్చే కార్యక్రమంలో రెండో దశ నగరాల జాబితాలో చేరిన హైదరాబాదుకు 2013 మార్చి 31 గడువు కావడంతో, 2007లోనే గ్రేటర్ హైదరాబాదులో కలిసిపోయిన అల్వాలులో కూడా ప్రతి టీవీకీ ఒక సెట్ టాప్ బాక్సు, దానితో రెండో రిమోట్ తప్పనిసరి అయ్యాయి. ఇప్పుడు ఫైబర్ ఇంటర్నెట్ వచ్చాక కేబుల్ కనెక్షను తీయించుకున్న ఇళ్ళలో బాక్సు అటక ఎక్కింది, డీవీడీ ప్లేయరు పాడై పాత సామాన్లవాడికి పోయింది. వాటి రిమోట్లు మాత్రం ప్లాస్టిక్ తొడుగుతో, సెల్లు మూత ఊడకుండా చుట్టిన రబ్బరు బ్యాండుతో, ఏదో ఒక సొరుగులో భద్రంగా ఉన్నాయి. మీడియా పీసీకి తగిన రిమోట్ చాలా ఇళ్ళలో అదే.

ఇది ఎలా సాధ్యమో తెలియాలంటే రిమోట్ పనిచేసే తీరు కొంత తెలియాలి. అమెరికాలోని జెనిత్ సంస్థ 1950లో తెచ్చిన తొలి రిమోట్ తీగతో టీవీకి కట్టి ఉండేది. అదే సంస్థలో యూజీన్ పోలీ 1955లో రూపొందించినది వెలుతురుతో పనిచేసేది కాబట్టి కిటికీలోంచి ఎండ పడినా టీవీ దానంతట అది మారిపోయేది. 1956లో రాబర్ట్ ఆడ్లర్ చిన్న అల్యూమినియం కడ్డీలను లోపలి సుత్తి మోదేలా చేసి, చెవికి అందని అతిధ్వనులతో, సెల్లు అవసరమే లేకుండా ఆదేశాలు పంపగలిగారు. తరువాతి దశాబ్దాల్లో వాటన్నింటి స్థానాన్ని పరారుణ కిరణాలు, అంటే ఎరుపు రంగుకు ఆవల ఉండి కంటికి కనబడని కాంతి, ఆక్రమించాయి. రిమోట్ ముందుభాగంలో కనిపించే చిన్న ఎల్‌ఈడీ బల్బు సాధారణంగా 940 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఈ కాంతిని వెలువరిస్తుంది.

ఆ బల్బు ఊరికే వెలగదు. గదిలోని ఎండలోనూ దీపాల వెలుగులోనూ పరారుణ కాంతి ఉంటుంది కాబట్టి, వాటి నుంచి తన కాంతిని వేరుగా గుర్తించేలా సెకనుకు సుమారు 38 వేల సార్లు వెలిగి ఆరుతూ, ఆ మినుకు ఉన్న వ్యవధులూ లేని వ్యవధులూ కలిపి ఒక సంకేతాన్ని నిర్మిస్తుంది. ఎన్‌ఈసీ అనే జపాను సంస్థ పేరు మీద ప్రసిద్ధమైన పద్ధతిలో మొదట 9 మిల్లీసెకన్ల పాటు మినుకు, తరువాత 4.5 మిల్లీసెకన్ల విరామం, ఆ తరువాత 32 బిట్ల సమాచారం వస్తాయి. బిట్ అంటే సున్నా గాని ఒకటి గాని. వాటిలో మొదటి 8 బిట్లు ఏ యంత్రం కోసం ఆదేశమో చెప్పే చిరునామా, తరువాతి 8 దాని విలోమం, ఆపై 8 బిట్లు నొక్కిన మీట సంఖ్య, చివరి 8 మళ్ళీ దాని విలోమం. రెండూ సరిపోలకపోతే సంకేతం చెడిపోయిందని గ్రహించి స్వీకరించే యంత్రం దాన్ని వదిలేస్తుంది. ఫిలిప్స్ సంస్థ ఆర్‌సీ-5 పద్ధతిలో 36 వేల మినుకులు, 14 బిట్లు ఉంటాయి. సోనీ పద్ధతిలో 40 వేల మినుకులు. అన్నింటిలోనూ గమనించవలసినది ఒక్కటే: రిమోట్‌కు తాను ఏ యంత్రంతో మాట్లాడుతున్నదో తెలియదు, ఎదుట యంత్రం ఉన్నదా లేదా అన్నదీ తెలియదు, మీట నొక్కిన ప్రతిసారీ దాని మినుకులు పంపి ఊరుకుంటుంది. యజమాని యంత్రం ఎప్పుడో పాడైనా, ఆ రిమోట్ పలికే సంకేతం చెక్కుచెదరకుండా ఉంటుంది.

కాబట్టి మీడియా పీసీ విషయంలో రిమోట్ ఎంపిక అనుకునేది నిజానికి రిసీవర్ ఎంపిక. రిసీవర్ అంటే ఆ మినుకులను అందుకొని, కంప్యూటరుకు అర్థమయ్యే కీబోర్డు మీటలుగా మార్చే చిన్న పరికరం. మైక్రోసాఫ్ట్ సంస్థ 2002లో విండోస్ ఎక్స్‌పీ మీడియా సెంటర్ తెచ్చినప్పుడు రిమోట్‌నూ రిసీవర్‌నూ జతగా అమ్మింది. నడుమ ఆకుపచ్చ మీట ఉన్న ఆ రిమోట్ ఆర్‌సీ-6 పద్ధతిలో సంకేతాలు పంపేది. 2015లో విండోస్ 10తో మీడియా సెంటరును తొలగించడంతో ఆ జత అర్థం కోల్పోయింది. లినక్స్‌లో మాత్రం ఆ రిసీవర్లను నడిపే భాగం ఈనాటికీ ఉన్నది. 2010 నుంచి పరారుణ రిమోట్లకు సంబంధించిన సదుపాయం లినక్స్ కెర్నెల్‌లోనే, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగంలోనే చేరి ఉండటం వల్ల, ఏ పాత రిమోట్ మీటకు ఏ పని అప్పగించాలో ఒక చిన్న పట్టిక రాసి చెప్పవచ్చు.

పట్టికలు రాసే ఓపిక లేనివారికి ఫ్లర్క్ వంటి యూఎస్‌బీ రిసీవర్లు ఉత్తమం. దాన్ని కంప్యూటరుకు గుచ్చి, దాని ప్రోగ్రామును తెరిస్తే కీబోర్డు బొమ్మ కనిపిస్తుంది. తెరపై పై బాణం గుర్తును ఎంచుకొని, పాత రిమోట్‌ను రిసీవరుకు ఎదురుగా పట్టి ఏ మీట నొక్కితే ఆ మీట ఇకపై బాణంగా పనిచేస్తుంది. నేర్చుకున్నదంతా రిసీవర్‌లోనే నిలిచిపోతుంది కనుక, రేపు కంప్యూటరు మారినా, విండోస్ తీసి లినక్స్ వేసినా మళ్ళీ నేర్పవలసిన పని లేదు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరును మీడియా పీసీగా వాడేవారికి ఇంకా చవక మార్గం ఉన్నది: టీఎస్‌ఓపీ రకం మూడు కాళ్ళ రిసీవర్ భాగం హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో ఇంజనీరింగ్ విద్యార్థులు కొనే సామాన్ల మధ్య కొద్దిపాటి డబ్బుకు దొరుకుతుంది; దాని ఒక కాలుకు 3.3 వోల్టులు, ఒకటి భూమికి, మూడోది పై మీద ఉన్న పిన్నుకు కలిపితే చాలు. అయితే కాళ్ళ వరస తయారీదారును బట్టి మారుతుంది కాబట్టి వివరపత్రం చూడకుండా కలపరాదు, 5 వోల్టులు ఇవ్వరాదు. రాస్ప్‌బెర్రీ పై పిన్నులు 3.3 వోల్టులకు మించి భరించవు.

సొరుగులోంచి తీసిన రిమోట్ బతికి ఉన్నదో లేదో చూడటం తేలిక. కొత్త పెన్సిల్ సెల్లు వేసి, మొబైల్ ఫోను ముందువైపు కెమెరా తెరిచి, రిమోట్ బల్బును దానికి చూపిస్తూ మీట నొక్కితే, కంటికి కనబడని కాంతి ఫోను తెర మీద లేత ఊదా రంగు చుక్కగా మెరుస్తుంది. వెనుక కెమెరాకు పరారుణాన్ని ఆపే వడపోత బలంగా ఉండటం వల్ల చాలా ఫోన్లలో అది కనబడకపోవచ్చు. కొన్ని మీటలకే మెరుపు వచ్చి కొన్నింటికి రాకపోతే రిమోట్ చచ్చిపోయినట్టు కాదు. రెండు సగాలను విడదీస్తే లోపల మెత్తని రబ్బరు పలక, ప్రతి మీట అడుగున నల్లని కార్బన్ బిళ్ళ, వాటికి ఎదురుగా సర్క్యూట్ బోర్డు మీద దువ్వెన పళ్ళలా ఒకదానిలో ఒకటి దూరిన సన్నని గీతలు కనిపిస్తాయి. మీట నొక్కినప్పుడు బిళ్ళ ఆ గీతలను కలుపుతుంది. ఏళ్ళ తరబడి వేళ్ళ జిడ్డు, టీ చుక్కలు చేరి ఆ రెంటి మధ్య పొర కట్టడమే సాధారణంగా జరిగే జబ్బు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తని గుడ్డతో బోర్డును తుడిచి, రబ్బరు పలకను సబ్బునీళ్ళతో కడిగి పూర్తిగా ఆరనిస్తే చాలావరకు మీటలు తిరిగి పనిచేస్తాయి. సెల్లు కారి స్ప్రింగుల మీద తెల్లని పొర పేరుకుంటే కొంచెం వెనిగర్‌తో తుడిచి ఆరబెట్టాలి.

ఇంత శ్రమ ఎందుకు, కొత్తది కొనవచ్చు గదా అని అనిపించవచ్చు. కొత్త రిమోట్ కొనడం తప్పు కాదు, కాని పదేళ్ళు వాడిన రిమోట్ మీద శబ్దం పెంచే మీట ఎక్కడున్నదో తాతగారి బొటనవేలికి చీకట్లో కూడా తెలుసు. శుక్లాల ఆపరేషను అయినవారికీ, అక్షరాలు ఆనని వారికీ ఆ స్పర్శే కన్ను. అంకెల మధ్య 5 మీద చాలా రిమోట్లలో ఉండే చిన్న బొడిపె ఆ ఉద్దేశంతో పెట్టినదే. మనిషికి కొత్త రిమోట్ నేర్పడం కంటే కంప్యూటరుకు పాత రిమోట్ నేర్పడం సులువు, పైగా నేర్చుకున్నది కంప్యూటరు మరచిపోదు.

డీవీడీ ప్లేయరు రిమోట్ ఈ పనికి ప్రత్యేకంగా సరిపోతుంది. నాలుగు దిక్కుల బాణాలు, నడుమ ఓకే, వెనక్కి వెళ్ళే మీట, మెనూ, ప్లే, పాజ్, స్టాప్, సబ్‌టైటిల్ అన్నీ దాని మీద ముందే ముద్రించి ఉంటాయి. మీడియా పీసీల్లో ఎక్కువగా వాడే కోడి అనే ప్రోగ్రాము, 2014 వరకు ఎక్స్‌బీఎంసీ పేరుతో ఉన్నది, కీబోర్డుతో నడిపినప్పుడు బాణాలతో కదిలి, ఎంటర్‌తో ఎంచుకొని, బ్యాక్‌స్పేస్‌తో వెనక్కి వచ్చి, స్పేస్ బార్‌తో ఆగి, ఎక్స్ అక్షరంతో ముగుస్తుంది. ఈ ఎనిమిదింటికి శబ్దం మీటలు రెండు, నిద్రలేపే మీట ఒకటి చేర్చితే ఇంటి అవసరం తీరినట్టే. మిగిలిన మీటలకు ఏ పనీ అప్పగించకుండా వదిలేయడం మంచిది. పొరపాటున నొక్కిన మీట తెర మీద అర్థం కాని కిటికీ తెరిస్తే, పెద్దవారు ఆ యంత్రాన్ని మళ్ళీ ముట్టుకోవడానికి జంకుతారు.

ఆ మీటలు నేర్పేటప్పుడు రెండు చిక్కులు ఎదురవుతాయి. ఒకసారి నొక్కితే మెనూలో రెండు గడులు కదలడం మొదటిది. ఆర్‌సీ-5, ఆర్‌సీ-6 పద్ధతుల్లో మీటను వదిలి మళ్ళీ నొక్కినప్పుడల్లా మారే ఒక ప్రత్యేక బిట్ ఉంటుంది. అది మారకుండా అదే సంకేతం మళ్ళీ వస్తే మీటను పట్టే ఉంచారని అర్థం. రిసీవర్ ఈ తేడా గమనించకపోతే ఒక నొక్కు రెండుగా లెక్కకు వస్తుంది, అప్పుడు పునరావృత్తికి ముందు విరామాన్ని పెంచవలసి ఉంటుంది. రెండో చిక్కు, టీవీతో పాటే వచ్చిన రిమోట్‌ను కంప్యూటరుకు కూడా నేర్పినప్పుడు వస్తుంది: ఒక్క నొక్కుకు టీవీ, కంప్యూటరు రెండూ స్పందిస్తాయి. యంత్రం లేని రిమోట్‌ను ఎంచుకోవడం ఇందుకే ఉత్తమం. దాని చిరునామాకు ఆ గదిలో జవాబిచ్చే యంత్రం కంప్యూటరు ఒక్కటే.

టీవీ రిమోట్ ఒక్కటే ఉంచుకోవాలని కోరుకునేవారికి వేరే దారి ఉన్నది. 2002 చివర రూపొందిన హెచ్‌డీఎంఐ ప్రమాణంలోనే, తీగ లోపలి 13వ పిన్ను ద్వారా యంత్రాలు ఒకదానికొకటి ఆదేశాలు పంపుకొనే సీఈసీ అనే ఏర్పాటు ఉన్నది. శామ్‌సంగ్ టీవీల్లో ఎనీనెట్ ప్లస్ అనీ, ఎల్‌జీలో సింప్‌లింక్ అనీ, సోనీలో బ్రావియా సింక్ అనీ పేర్లు వేరైనా విషయం ఒకటే: టీవీ రిమోట్ బాణం నొక్కితే టీవీ ఆ మాటను హెచ్‌డీఎంఐ తీగ మీదుగా కంప్యూటరుకు చేరవేస్తుంది. రాస్ప్‌బెర్రీ పైలో ఇది మొదటి నుంచీ ఉన్నది. మామూలు డెస్క్‌టాప్ గ్రాఫిక్స్ కార్డులు మాత్రం ఆ పిన్నును దాదాపుగా వాడుకోవు; పల్స్-ఎయిట్ సంస్థ తయారు చేసే చిన్న అడాప్టరును హెచ్‌డీఎంఐ తీగకూ యూఎస్‌బీకీ మధ్య పెడితే ఆ లోటు తీరుతుంది గాని, అది స్థానిక దుకాణాల్లో దొరకడం అరుదు. ఇంట్లో ఇప్పటికే రాస్ప్‌బెర్రీ పై ఉన్నవారు ముందుగా టీవీ సెట్టింగులలో సీఈసీని తెరిచి చూడటం మేలు. పని జరిగితే కొనవలసినది ఏమీ లేదు.

సికింద్రాబాదు ప్యారడైజ్ దగ్గర చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో, పార్క్ లేన్ దుకాణాల్లో రిమోట్ అడిగితే ఎక్కువగా చూపించేది ఎయిర్ మౌస్. ఇది పరారుణంతో కాక 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో పనిచేస్తుంది, యూఎస్‌బీకి గుచ్చే గోరంత డాంగిల్ దాని రిసీవర్. చేతిని గాలిలో కదిపితే లోపలి జైరోస్కోప్, అంటే తిరుగుడును కొలిచే సెన్సర్, ఆ కదలికను మౌస్ కదలికగా మారుస్తుంది. దీని బలం కాదనలేనిది: కంప్యూటరు చెక్క షోకేసు తలుపు వెనుక ఉన్నా సంకేతం చేరుతుంది, వెబ్ బ్రౌజరులో చూడవలసిన సేవలకు బాణపు గుర్తు కావాలి. 2020 ఉగాదికి మొదలైన ఆహా వంటి తెలుగు సేవలను కంప్యూటరు బ్రౌజరులో చూసే ఇంట్లో బాణాల రిమోట్ ఒక్కటే సరిపోదు. బలహీనత కూడా అక్కడే ఉన్నది. వణికే చేతిలో తెర మీది గుర్తు అంతకంటే ఎక్కువగా వణుకుతుంది, చిన్న గడిని తాకలేక వృద్ధులు విసిగిపోతారు. బ్రౌజరు అవసరం ఉన్న ఇంట్లో టచ్‌ప్యాడ్ ఉన్న చిన్న వైర్‌లెస్ కీబోర్డును షోకేసులో ఉంచి, రోజువారీ చేతికి పాత రిమోట్‌నే ఇవ్వడం ఎయిర్ మౌస్ కంటే తెలివైన ఏర్పాటు.

రేడియో రిమోట్ ఎంచుకున్నవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. యూఎస్‌బీ 3.0 పోర్టులూ హార్డ్ డిస్కులూ పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనే రేడియో రొద పుట్టిస్తాయని ఇంటెల్ సంస్థ 2012లో ప్రకటించిన పత్రం వివరించింది. సినిమాలున్న బాహ్య హార్డ్ డిస్కు పక్క పోర్టులోనే డాంగిల్ పెడితే మీటలు ఒక్కోసారి పలకవు, ఒక్కోసారి అతుక్కుంటాయి; దుకాణదారు రిమోట్ మార్చి ఇచ్చినా లోపం పోదు. ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగతో డాంగిల్‌ను డిస్కుకు దూరంగా తెస్తే పోతుంది. అదే తీగ పరారుణ రిసీవరుకు కూడా పనికివస్తుంది: కంప్యూటరు షోకేసు లోపల ఉన్నా రిసీవర్‌ను అద్దం బయటికి, టీవీ అంచు కిందికి తెచ్చి అంటించవచ్చు.

మొబైల్ ఫోనును రిమోట్‌గా వాడే ఆప్‌లు కోడికి ఉన్నాయి, పాట పేరు టైపు చేయడానికి అవి బాగుంటాయి. ఫోను మోగినప్పుడు, తాళం పడినప్పుడు, వైఫై పోయినప్పుడు రిమోట్ కూడా పోతుంది కాబట్టి వాటిని అదనపు సాధనంగానే చూడాలి.

చివరగా విద్యుత్తు విషయం. కంప్యూటరును పూర్తిగా ఆపకుండా నిద్రావస్థలో ఉంచితే రిమోట్ మీటతో లేపవచ్చు. అందుకు నిద్రలో కూడా యూఎస్‌బీ పోర్టుకు 5 వోల్టులు అందుతూ ఉండాలి. మదర్‌బోర్డు బయోస్‌లో, అంటే కంప్యూటరు తొలి అమరికల తెరలో, ఈఆర్‌పీ అనే విద్యుత్ పొదుపు అమరిక తెరిచి ఉంటే ఆ సరఫరా ఆగిపోవచ్చు కనుక దాన్ని మూయాలి. విండోస్‌లో డివైస్ మేనేజరులో రిసీవరుకు కంప్యూటరును లేపే అనుమతి ఇవ్వాలి. వేసవి గాలివానకు కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే వ్యవధిని పీసీ పవర్ సప్లై సుమారు 16 మిల్లీసెకన్ల వరకే భరిస్తుంది. ఇన్వర్టరు మీద యూపీఎస్ అని గుర్తున్న స్థితిని ఎంచుకుంటే మార్పిడి త్వరగా జరుగుతుంది, లేకపోతే కంప్యూటరు ఆరిపోతుంది. ఆరిపోయిన కంప్యూటరును రిమోట్ లేపగలదా లేదా అన్నది మదర్‌బోర్డును బట్టి ఉంటుంది కాబట్టి, బయోస్‌లో కరెంటు తిరిగి వచ్చాక ఏం చేయాలన్న ప్రశ్నకు పవర్ ఆన్ అన్న జవాబు పెట్టి, కోడి దానంతట అదే తెరుచుకునేలా చేసి, పదిహేను నిమిషాలు ఎవరూ మీట నొక్కకపోతే నిద్రలోకి వెళ్ళేలా దాని విద్యుత్ అమరికల్లో సమయం నిర్ణయించాలి. ఊరు విడిచి వెళ్ళేలోపు మెయిన్ స్విచ్ ఒకసారి ఆపి వేసి, పెద్దవారి చేతనే రిమోట్ నొక్కించి చూడాలి.